గెడ్డలో ఆకు మగ్గాలి

కార్తీక మాసం. వానలు తగ్గి గెడ్డ, అంటే కొండవాగు, నీళ్ళు తేటపడిన రోజులు. పాడేరు నుంచి చింతపల్లి వెళ్ళే వైపు, మా చుట్టాల ఊరి పక్కన గెడ్డలో కూర్చుని నేను నురగ పడుతున్నాను. రాళ్ళ మీంచి నీళ్ళు దూకి కింద మలుపులో కాస్త నెమ్మదించే చోట, విరిగిపడిన కొమ్మకు ఆనుకుని తెల్లటి నురగ పేరుకుని ఉంది. వెడల్పు మూతి సీసాతో దాన్ని పైపైన తీసి మూత పెడుతున్నాను. ఆవుల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన ఆగి చూశాడు.

"ఏటి బాబూ, నీళ్ళొదిలేసి నురగ పడతన్నావు?"

"ఇందులో బూజు గింజలుంటాయి తాతా" అన్నాను. సిద్ధబీజాలు అనే పుస్తకాల మాట ఆయనతో అనాలనిపించలేదు.

ఆయన కాసేపు సీసా వంక చూశాడు. "బూజుందంటే గెడ్డ పాడైనట్టేనా?"

లేదు తాతా, బూజు లేకపోతేనే పాడైనట్టు అని చెప్పాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు గానీ, ఆ ఒక్క ముక్కతో ఆయనకు సరైన జవాబు చెప్పానని నాకనిపించలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. నీళ్ళు బాగున్నాయా అని అడగడం మనకు అలవాటే. గెడ్డ బాగుందా అని అడగడం అలవాటు లేదు. ఈ రెండూ ఒకటి కాదు. ఆ తేడా అన్నిటికన్నా ముందు తెలిసేది నీళ్ళలో నానుతున్న ఆకుల మీద బతికే ఈ బూజులోనే, అంటే ఫంగస్‌లోనే అని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ఆ సాయంత్రానికి నురగ కరిగి సీసా అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి. ఒక చుక్క తీసి గాజు పలక మీద వేసి, కాటన్ బ్లూ రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. మొదట మట్టి రేణువులు, పుప్పొడి, నాచు ముక్కలు. పలకను మెల్లిగా జరుపుతూ పోతే నాలుగు చేతులు చాచిన బొమ్మ ఒకటి కనిపించింది. అచ్చం పల్లేరు కాయ. ఇంకాస్త జరిపితే నెలవంకలా వంగినది ఒకటి, సన్నగా పొడుగ్గా మెలిక తిరిగిన పాముపిల్ల లాంటిది మరొకటి. నెలవంకలాంటిది లునులోస్పోరా, పాముపిల్లలాంటిది ఆంగ్విలోస్పోరా. దక్షిణాది వాగుల్లో ఇవి రెండూ తరచూ కనబడేవే. ఒక్క చుక్కలో ఉన్నవాటిని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళూ చాలలేదు.

ఈ ఆకారం ఊరికే వచ్చింది కాదు. పల్లేరు కాయ ఎటు తిరిగి పడినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది, మిగతావి నేలను పట్టుకుంటాయి. ఈ సిద్ధబీజం కూడా అంతే. పారే నీళ్ళలో కొట్టుకుపోతూ ఏదైనా ఆకును తాకిందంటే మూడు చేతుల కొసలు ఒకేసారి ఆకు మీద ఆనుతాయి. ఆ కొసల దగ్గర జిగురు ఊరుతుంది. గుండ్రటి గింజ అయితే ప్రవాహం ఈడ్చుకుపోతుంది. మూడు కాళ్ళ పీటలా కుదురుకున్నదాన్ని ఈడ్చడం కష్టం. కొన్ని గంటల్లోనే అక్కడి నుంచి సన్నటి పోగులు మొలిచి ఆకు లోపలికి దిగిపోతాయి. నురగలో ఇవి గుంపులుగా దొరకడానికీ కారణం ఈ చేతులే. బుడగలకు చిక్కుకుని అక్కడే పోగుపడతాయి.

వీటిని లోకానికి చూపించినవాడు ఇంగోల్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. 1942లో, అంటే యుద్ధం మధ్యలో, లెస్టర్ దగ్గర ఒక చిన్న వాగులో కుళ్ళుతున్న ఆల్డర్ చెట్టు ఆకులను తెచ్చి చూసి, నీళ్ళలోనే బతుకుతూ నీళ్ళలోనే గింజలు వదిలే ఫంగస్ గుంపు ఒకటి ఉందని రాశాడు. ఆయన పేరు మీదే వీటిని ఇంగోల్డియన్ ఫంగస్ అంటారు. 1905లో పుట్టిన ఆయన 2010 దాకా బతికాడు. ఇప్పటికి మూడు వందలకు పైగా జాతులు తేలాయి. మన దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు మంగళూరు విశ్వవిద్యాలయం. అక్కడ శ్రీధర్, కావేరియప్ప 1980ల నుంచి పడమటి కనుమల వాగులు పట్టుకుని తిరిగారు. మన తూర్పు కనుమల గెడ్డలకు అంత నిలకడగా పనిచేసే బృందం ఒకటి ఉండాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సరే, ఈ బూజు గెడ్డకు చేసే మేలేమిటి?

చెట్ల నీడన పారే చిన్న గెడ్డలో ఎండ సరిగా పడదు. ఎండ లేనిచోట నాచు పెద్దగా పెరగదు. మరి అందులోని పురుగులు, పీతలు, చేపలు దేన్ని తిని బతుకుతున్నాయి? ఒడ్డున చెట్లు రాల్చిన ఆకుల్ని. కాకపోతే రాలిన ఆకు నేరుగా తిండి కాదు. చెట్టు ఆకు రాల్చే ముందే అందులో సారాన్ని చాలావరకు వెనక్కి లాగేసుకుంటుంది. మిగిలేది పీచు, చేదు. అది నీళ్ళలో పడ్డాక ఫంగస్ పోగులు లోపలికి పాకి, గట్టి పీచును విడగొట్టి, నీళ్ళలోని నత్రజని, భాస్వరం పీల్చుకుని, అక్కడే తమ ఒళ్ళు పెంచుకుంటాయి. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి చద్దన్నమైనట్టు, పసలేని ఆకు పుష్టిగల తిండి అవుతుంది. 1971లో కెనడాలో కౌశిక్, హైన్స్ అనే ఇద్దరు దీన్ని చక్కగా చూపించారు. నీళ్ళలో నానే ఆకుల్లో మాంసకృత్తుల వాటా పెరుగుతుంది. ఫంగస్‌ను మందుతో అణిచిపెడితే ఆ పెరుగుదల ఆగిపోతుంది. బాక్టీరియాను అణిచిపెడితే అంత తేడా రాదు. మగ్గుతున్న ఆకులోని సూక్ష్మజీవుల బరువులో 90 శాతానికి పైగా ఫంగస్‌దేనని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఫంగస్ పట్టిన ఆకునూ పట్టని ఆకునూ పక్కపక్కన పెడితే వాగు పురుగులు పట్టిన ఆకు దగ్గరికే పోతాయి.

అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో కోవీటా అనే పరిశోధనా అడవి ఉంది. అక్కడ ఒక చిన్న వాగు మీద పైనంతా వల కప్పేశారు. నీళ్ళు మామూలుగానే పారాయి, ఆకు మాత్రం పడలేదు. మూడేళ్ళు అలా ఉంచి చూస్తే ఆకు తినే పురుగులు తగ్గాయి, వాటిని తినే పురుగులూ తగ్గాయి. వాలస్ బృందం 1997లో ఆ ఫలితాలు ప్రచురించింది. నీళ్ళకు ఏమీ కాలేదు, వాటిలో విషం ఎవరూ కలపలేదు. ఆకు ఆగింది, అంతే. ఆ నీళ్ళను సీసాలో పట్టి ల్యాబుకు పంపితే "బాగున్నాయి" అనే రిపోర్టు వచ్చేది.

మనలాంటి వేడి ప్రాంతాల్లో ఫంగస్ మీద ఆధారం ఇంకా ఎక్కువ. చలి దేశాల వాగుల్లో ఆకును కొరికి ముక్కలు చేసే పురుగులు దండిగా ఉంటాయి. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఆ పురుగుల వాటా తగ్గి, సూక్ష్మజీవుల వాటా పెరుగుతుందని 2011లో వచ్చిన ఒక ప్రపంచవ్యాప్త పరిశీలన చెప్పింది. చాలా దేశాల వాగుల్లో ఒకే రకం ఆకును సంచుల్లో కట్టి చేసిన పని అది. అంటే యూరప్‌లో ఫంగస్ దెబ్బతింటే పురుగు కొంత కాపు కాయగలదేమో గానీ, మన గెడ్డలో ఆ ఆసరా తక్కువ.

ఇప్పుడు ఒడ్డుకు వద్దాం. అసలు గొడవంతా ఒడ్డునే ఉంది.

మా చుట్టాల ఊరి గెడ్డకు ఎగువన కానుగ, నేరేడు, మేడి, ఏరుమద్ది, అక్కడక్కడ జీలుగు, వెదురు డొంక ఉన్నాయి. దిగువన కిలోమీటరు దూరం ఒడ్డు దాకా జామాయిల్. రెండు చోట్లా నీళ్ళు ఒకటే. చెప్పులు విప్పి ఎగువన దిగితే కాలి కింద మెత్తగా ఆకుల పొర తగులుతుంది. ఒక ఆకు తీసి వెలుతురుకు పెడితే మధ్యలో కండ అంతా పోయి ఈనెలు మాత్రం వలలా మిగిలి ఉంటాయి. ఆ ఈనెల నడుమ ఒక చిన్న పురుగు, ఆకు ముక్కలనే అతికించుకుని ఇల్లు కట్టుకున్న క్యాడిస్ ఫ్లై పిల్ల. దిగువన దిగితే కింద ఇసుక, బెరడు పేళ్ళు, తోలులా బిరుసుగా నల్లబడిన ఆకులు. వాటిని విరిస్తే ఇంకా నూనె వాసన వస్తుంది.

ఏ ఆకు త్వరగా మగ్గుతుందో మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. దమ్ము చేసిన మడిలో పచ్చిరొట్టగా కానుగ మండలు వేసి తొక్కుతారు, గ్లైరిసీడియా వేసి తొక్కుతారు. జామాయిల్ ఆకు తెచ్చి మడిలో తొక్కే రైతును నేను ఇంతవరకు చూడలేదు. మడిలో పనికిరాదని తెలిసిన ఆకు గెడ్డలో మాత్రం పనికొస్తుందని ఎలా అనుకున్నాం?

దీని మీద లోతుగా పనిచేసింది పోర్చుగల్. ఆ దేశపు అడవుల్లో నాలుగో వంతుకు పైగా ఇప్పుడు నీలగిరి చెట్లే, అంటే మన జామాయిల్ కోవవే, కాగితపు గుజ్జు కోసం నాటినవి. కోయింబ్రా విశ్వవిద్యాలయంలో గ్రాసా, కన్యోటో, వాళ్ళతో కలిసి స్విస్ మూలాలున్న బేర్‌లాకర్ 1990ల నుంచి ఈ తోటల మధ్య వాగుల్ని చూశారు. నీలగిరి ఆకు మీద మైనపు పొర, లోపల నూనెలు, వగరు పదార్థాలు. ఫంగస్ దాని మీద స్థిరపడటానికి ఆల్డర్ ఆకు మీద కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. పైగా అక్కడి సహజమైన అడవి శరదృతువులో ఆకు రాలుస్తుంది, అప్పుడు వాగు నిండుగా ఉంటుంది. నీలగిరి ఎండాకాలంలో ఎక్కువ రాలుస్తుంది, అప్పుడు వాగు సన్నబడి ఉంటుంది. వడ్డించే వేళ తినేవాడు ఉండడు, తినేవాడు వచ్చే వేళకు వడ్డన ఉండదు. ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. నీలగిరి ఆకు అసలు మగ్గదని కాదు. ఆలస్యమైనా ఫంగస్ దాన్నీ లొంగదీసుకుంటుంది. నష్టం ఒక్క ఆకులో లేదు, ఒడ్డు పొడుగునా ఒకే ఆకు ఉండటంలో ఉంది. పది రకాల ఆకులు పది వేగాలతో మగ్గుతుంటే గెడ్డలో ఏడాది పొడుగునా ఏదో ఒకటి తిండి కింద తయారవుతూ ఉంటుంది. మెత్తటివి ముందు, బిరుసువి తర్వాత. ఒకే తోట అంటే ఒకే వేగం. ఇది జామాయిల్‌కే కాదు, సుబాబుల్‌కీ, గెడ్డ అంచు దాకా ఒకే వరసలో వేసిన సిల్వర్ ఓక్‌కీ వర్తిస్తుంది. కాఫీకి నీడ కావాలి, మిరియం తీగ పాకడానికి చెట్టు కావాలి, కాదనను. ఆ వరస గెడ్డకు కొన్ని అడుగుల ఇవతలే ఆగాలని మాత్రం గట్టిగా అంటాను.

ఒడ్డు చెట్టు ఆకు ఇచ్చి ఊరుకోదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం వేసింది. నీళ్ళలోకి దిగిన చెట్టు వేళ్ళ లోపల కూడా ఈ ఫంగస్ కాపురం ఉంటుంది. 1992లో శ్రీధర్, బేర్‌లాకర్ స్ప్రూస్, బర్చ్, మేపుల్ చెట్ల వేళ్ళలో దీన్ని చూశారు. 1996లో రవిరాజా, శ్రీధర్, బేర్‌లాకర్ మన దేశంలోనే తోట పంటల వేళ్ళలోనూ ఫెర్న్ మొక్కల వేళ్ళలోనూ చూశారు. చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీటిలో, మాను మీంచి కారే నీళ్ళలో కూడా ఈ నాలుగు చేతుల గింజలు దొరికాయి. వరదొచ్చి గెడ్డలో ఆకులన్నీ ఊడ్చుకుపోయినా, వేసవిలో గెడ్డ ఎండి రాళ్ళు తేలినా, మళ్ళీ మొదలుపెట్టడానికి విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో నాకు అప్పుడు కాస్త అర్థమైంది. ఒడ్డు చెట్టు వేరు ఆ ఫంగస్‌కు గాదె లాంటిది. చెట్టు కొట్టేస్తే ఈ ఏటి ఆకుతోపాటు వచ్చే ఏటి విత్తనం కూడా పోతుంది. మన ఏజెన్సీ గెడ్డలు వేసవిలో ముందుకన్నా తొందరగా సన్నబడుతున్నాయని ఊళ్ళో పెద్దవాళ్ళంతా అంటారు. ఎండిపోయే గెడ్డకు గాదె అవసరం ఇంకా ఎక్కువ.

ఇక్కడే ఒక ప్రశ్న ఎదురవుతుంది. చదువుకున్నవాళ్ళే అడుగుతారు. మూడేళ్ళ కిందట, పిల్లలతో గెడ్డ ఆకుల మీద ఒక చిన్న ప్రాజెక్టు చేయిద్దామని ఒక చోట అడిగితే నాకూ ఇదే ఎదురైంది. "ఆకు ఎలాగూ కుళ్ళుతుంది కదా సార్, దాన్ని కొలిచేదేముంది?" ఆ ప్రాజెక్టు ముందుకు సాగలేదు. బాధపడ్డాను గానీ, ప్రశ్న మాత్రం కొట్టిపారేసేది కాదు. ఎందుకంటే దానికి వత్తాసుగా నిలిచే పరిశోధనే ఉంది.

1998లో రవిరాజా, శ్రీధర్, బేర్‌లాకర్ పడమటి కనుమల వైపు సేంద్రియ మురుగు కలిసే ఒక నదిలో మర్రి ఆకులు, నీలగిరి ఆకులు వేసి చూశారు. శుభ్రమైన వాగులతో పోలిస్తే ఫంగస్ జాతులు కొద్దిగానే కనిపించాయి. అయినా ఆకు కుళ్ళడం ఆగలేదు, వేగంగానే సాగింది. అంటే జాతులు తగ్గినా మిగిలిన కొన్ని గట్టిపిండాలు పని నెట్టుకొచ్చాయి. మరి మిగతావి పోతే నష్టమేంటి?

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. నా జవాబు, వేగం ఆరోగ్యానికి గుర్తు కాదు. జ్వరం వచ్చినప్పుడు నాడి వేగంగానే కొట్టుకుంటుంది. కోవీటాలోనే కొన్ని వాగుల్లో ఏళ్ళ తరబడి నత్రజని, భాస్వరం కొద్దికొద్దిగా కలిపి చూశారు. రోజ్‌మండ్ బృందం 2015లో చెప్పిన ఫలితం ఇదీ: అడవి నుంచి వచ్చిన ఆకు, పుల్ల వాగులో నిలిచే కాలం దాదాపు సగానికి పడిపోయింది. ఫంగస్‌కు ఎరువు దొరికింది, గబగబా తినేసింది. ఆరు నెలలు రావాల్సిన గాదె మూడు నెలల్లో ఖాళీ అయింది. తర్వాతి మూడు నెలలు ఆ వాగులోని జీవాలు ఏం తినాలి? గెడ్డ పక్కనే అల్లం, పసుపు, రాజ్‌మా వేసిన వాలు చేలల్లో చల్లిన యూరియా మొదటి వానకే కిందికి దిగుతుంది. ఆ వానకు గెడ్డలో ఆకు "బాగా మగ్గుతోంది" అని సంతోషించడానికి లేదు.

ఎరువు ఇంకా ఎక్కువైతే కథ తిరగబడుతుంది. యూరప్‌లో 100 వాగుల్లో ఓక్, ఆల్డర్ ఆకులు వేసి చేసిన పెద్ద పరిశీలన 2012లో వచ్చింది. పోషకాలు బాగా తక్కువగా ఉన్న వాగుల్లో ఆకు నెమ్మదిగా తగ్గింది. మధ్యస్థంగా ఉన్నచోట వేగంగా తగ్గింది. బాగా ఎక్కువైనచోట మళ్ళీ నెమ్మదించింది. కాబట్టి ఆకు నెమ్మదిగా మగ్గుతుంటే అది స్వచ్ఛమైన కొండ వాగైనా కావచ్చు, మురికి కాలువైనా కావచ్చు. ఆకు తరుగు ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పలేం. అందులో ఎవరెవరు ఉన్నారో కూడా చూడాలి.

ఎవరెవరు అనే మాటకొస్తే జర్మనీలో మాన్స్‌ఫెల్డ్ ప్రాంతం గుర్తొస్తుంది. శతాబ్దాల తరబడి రాగి తవ్విన నేల. అక్కడి గుట్టల నుంచి ఊరే నీళ్ళలో జింకు, రాగి మోతాదు భయపెట్టేటంత ఉంటుంది. ఆ నీళ్ళలోనూ ఈ ఫంగస్ జాతులు కొన్ని బతికే ఉన్నాయని క్రౌస్, శ్రీధర్, బేర్‌లాకర్ చూపించారు. అందులో హీలిస్కస్ లగ్డునెన్సిస్ అనేది లోహాలకు ఓర్చుకోవడంలో పేరుపడ్డది. ఎంత కష్టంలోనైనా జీవం నిలుస్తుందని చెప్పడానికి దీన్ని చూపిస్తారు. నాకు మాత్రం మరో సంగతి ముఖ్యమనిపిస్తుంది. లోహాలైనా మరే ఒత్తిడైనా పడ్డప్పుడు ఫంగస్‌లో అన్నిటికన్నా ముందు పడిపోయేది గింజలు వేయడం. ఒళ్ళు ఇంకా ఉంటుంది, ఆకులో పోగులుంటాయి, ఆకు మగ్గుతూనే ఉంటుంది. కానీ నాలుగు చేతుల పిల్లలు నీళ్ళలోకి రావడం తగ్గిపోతుంది. ఊళ్ళో బడి మూతపడ్డా పెద్దవాళ్ళు పొలం పనులకు వెళుతూనే ఉంటారు. చేలు పచ్చగానే కనిపిస్తాయి. ఆ ఊరు ఎటు పోతోందో తెలియడానికి ఒక తరం పడుతుంది. ఆకు కుళ్ళుతోంది కదా అని నిశ్చింతగా ఉంటే మనకు అందేది ఆలస్యమైన కబురు. నురగ చుక్కలో అందేది ముందస్తు కబురు.

ఇంకొకటి మన రైతులందరికీ తెలిసిన మందు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. కాఫీ ఆకు తుప్పు తెగులుకు, తోటల్లో మరెన్నో తెగుళ్ళకు కొడతారు. మిరప, మామిడి మీద కొట్టే టెబుకోనజోల్ లాంటివి కూడా అంతే. ఫంగస్‌ను చంపడమే వాటి పని. చెట్టు మీది ఫంగస్, గెడ్డలోని ఫంగస్ అనే తేడా వాటికి తెలియదు. పురుగుమందు గెడ్డలో కలిస్తే చేపలు తేలతాయి, ఊరంతా కేకలేస్తుంది. తెగులు మందు కలిస్తే ఏమీ తేలదు. యూరప్ పరిశోధకులు ఇలాంటి మందుల వల్ల ఆకు మీద ఫంగస్ మారిపోయి, ఆ ఆకు తినే జీవాల తిండి నాణ్యత పడిపోవడం చూశారు. రైతును మందు కొట్టొద్దనే హక్కు నాకు లేదు. పంట పోతే ఆ ఇల్లు ఏడాదంతా అప్పులో ఉంటుంది. కానీ స్ప్రేయర్ ట్యాంకు గెడ్డలో కడగకూడదు. కొట్టే చోటికీ నీటికీ మధ్య చెట్లు, గడ్డి ఉన్న పట్టీ ఒకటి మిగలాలి. ఈ రెండిటికీ పెద్ద ఖర్చు లేదు.

పోడు చేసే గిరిజన రైతు వల్లే గెడ్డలు పాడవుతున్నాయనే మాట కూడా తరచూ వింటుంటాను. పోడులో కొండ వాలు కొంతకాలం బోసిపోతుంది, మట్టి కొట్టుకొచ్చి ఆకుల మీద పేరుకుంటే గాలి ఆడక ఫంగస్‌కు ఇబ్బందే. అది నిజం. కానీ ఏళ్ళ తరబడి బీడు వదిలే పాత పోడులో గెడ్డ ఒడ్డున మామిడి, జీలుగు, నేరేడు వదిలిపెట్టేవారు, వాటితో వాళ్ళకు పని ఉంది కాబట్టి. ఒడ్డు దాకా ఒకే చెట్టు నాటమని చెప్పింది వాళ్ళు కాదు. ఆ గెడ్డలో పీతలు పట్టుకుని వండుకునేది వాళ్ళే. పీతకు తిండి ఈ మగ్గిన ఆకే. నష్టం మొదట తగిలేది వాళ్ళకే.

మరి మనం కొలుస్తున్నదేమిటి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడకాన్ని బట్టి ఏ (A) నుంచి ఈ (E) దాకా తరగతులుగా విడదీసింది. ఏ తరగతికి రావాలంటే కరిగిన ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాములైనా ఉండాలి, బీఓడీ (నీళ్ళలోని మురికిని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 2 మించకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, మురుగు కలిసిందేమో చూపే కోలిఫాం బాక్టీరియా సంఖ్య 100 మిల్లీలీటర్లకు 50 దాటకూడదు. ఇవన్నీ కావాల్సినవే. తాగే మనిషికి ఇవి రక్ష. కానీ ఇవన్నీ నీళ్ళను మనం ఏం చేసుకోవచ్చో చెప్తాయి, గెడ్డ తన పని తాను చేసుకుంటోందో లేదో చెప్పవు. కోవీటా వల కింద పారిన నీళ్ళు ఈ పరీక్షల్లో దేనిలోనూ తప్పేవి కావు. 2002లో గెస్నర్, షావే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆకు మగ్గే తీరును కూడా వాగు పరీక్షల్లో చేర్చాలని వాదించారు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. మన దగ్గర 2002 నాటి వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ పక్కపక్కన ఉన్నాయి. కాగితం మీద కలిసిన ఆ మూడూ గెడ్డ ఒడ్డున మాత్రం వేర్వేరు ఆఫీసుల పనిగా విడిపోతున్నాయి.

పరీక్ష కూడా కష్టమైంది కాదు. దోమతెర గుడ్డతో అరచేతి కన్నా కాస్త పెద్ద సంచి కుట్టాలి. వెడల్పు కన్నాల వలతో ఇంకొకటి. ఎండిన ఆకు తూచి రెండిట్లోనూ సమంగా వేసి, నైలాన్ దారంతో రాయికి కట్టి గెడ్డలో వదలాలి. దోమతెర సంచిలోకి పురుగు దూరలేదు, అక్కడ జరిగే పని దాదాపు సూక్ష్మజీవులదే. పెద్ద కన్నాల సంచిలో పురుగు కూడా పాలు పంచుకుంటుంది. కొన్ని వారాలకు తీసి, కడిగి, ఆరబెట్టి తూస్తే రెండిటి తేడాలో ఎవరి పని ఎంతో తెలుస్తుంది. కొన్ని ఆకు ముక్కల్ని శుభ్రమైన నీళ్ళలో వేసి, చేపల తొట్టికి వాడే గాలి పంపుతో ఒకటి రెండు రోజులు బుడగలు ఆడిస్తే ఫంగస్ గింజలు వదులుతుంది. వాటిని మైక్రోస్కోపులో లెక్కపెట్టవచ్చు. ఏ డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులోనైనా ఇవన్నీ ఉంటాయి. పాడేరు, అరకు, రంపచోడవరం, భద్రాచలం కాలేజీల పిల్లలు తమ ఊరి వాగుల్లో ఏటా ఇదొక్కటి చేసినా పదేళ్ళకు మన కొండల గెడ్డల గురించి ఇప్పుడెక్కడా లేని లెక్క తయారవుతుంది. తోట వేసేముందు ఒకసారి, వేశాక ఒకసారి చూస్తే ఒడ్డున ఎన్ని అడుగులు వదలాలో ఊళ్ళోవాళ్ళే చెప్పగలరు.

అనుమతి కోసం ఇంకెవరినీ అడగకుండా పోయిన నెల నేనే ఎనిమిది సంచులు కుట్టుకుని వెళ్ళాను. నాలుగు కానుగ ఆకువి ఎగువన, నాలుగు దిగువన జామాయిల్ నీడలో. సగం దోమతెరవి, సగం పెద్ద కన్నాలవి. ఆకు రెండు చోట్లా ఒకటే, మారేది ఒడ్డు మాత్రమే. కడుతుంటే ఆ ఆవుల పెద్దాయనే మళ్ళీ వచ్చాడు. ఈసారి గట్టు మీద కూర్చుని చివరిదాకా చూశాడు. ఎందుకు కడుతున్నానో మొదటిసారి కన్నా నిదానంగా చెప్పాను, చద్దన్నం పోలికతో సహా. ఆయన లేచి, గట్టు మీది మేడి చెట్టు కింద రాలిన ఆకులు గుప్పెడు ఏరుకొచ్చాడు.

"కానుగ సరే బాబూ. దీని కింద ఎప్పుడూ పీతలుంటాయి. ఇది కూడా ఒకటి కట్టు."

మిగిలిన గుడ్డతో చేతికుట్టు వేసి తొమ్మిదో సంచి కట్టాం. దాన్ని ఎక్కడ వదలాలో ఆయనే చూపించాడు, మేడి వేళ్ళు నీళ్ళలోకి దిగిన చోట. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తీస్తాం.